పోయొస్తమన్నోళ్ల జాగ

212

ఫ్యాను బాగుంది. బ్యాటరీలు బాగున్నాయి. కింది లెవెల్లో తాగునీళ్ల గొట్టం మళ్లీ కారుతోందని ఇద్దరు వచ్చి నాకు చెప్పారు. ఇది లైన్ల గది, గొట్టాల గది కాదని నేను వాళ్లకు చెప్పాను. గొట్టాలు చూసేవాళ్లు ఎప్పుడూ క్యాంటీన్‌లోనే ఉంటారు. వాళ్లకు చెబితే పని కాదని అందరికీ తెలుసు కాబట్టి అందరూ నా దగ్గరికే వస్తారు.

రోజుకొక నంబరు వేసి రాసే ఈ చిట్టాలో యంత్రాల సంగతి తప్ప మరొకటి రాయకూడదని గట్టయ్య బాపు ఎప్పుడో చెప్పాడు. ఆయన మా బాయికి పెద్ద. మీద ఎండకు మనిషి నిలవలేని కాలం వచ్చి, మా తాతలు ఈ పాత బొగ్గుబాయిలోకి దిగి కాపురాలు పెట్టిన నాటి నుంచి ఆ ఇంటివాళ్లే పెద్దరికం చేస్తున్నారు. ఆయన మాట కాదనలేను. కాకపోతే ఆయన దీన్ని ఎన్నడూ చదవడు. చదివేవాడు లేనప్పుడు రాసే చేతికి భయమెందుకు?

నీలిబండ బాయి నుంచి చెల్లె మాట్లాడింది. సుగుణ అక్కడి పంపులు చూస్తుంది. ఆ బాయి గోదారి అవతల, గుట్టల వెనక ఉంది. ఇక్కడ నేనొక మాట అంటే, అది గుట్టల మీది స్తంభాలన్నీ దాటుకుంటూ పోయి, అటు నుంచి జవాబు వచ్చేసరికి ఒక ముద్ద నమిలి మింగవచ్చు. అందుకే మేమిద్దరం తింటూ మాట్లాడుకుంటాం.

"అక్కా, గోదారి మీదికొచ్చింది. మా కింది లెవెల్లకు నీళ్లు దిగుతున్నయ్," అంది. "పెద్ద పంపుల మెదడు తడిసి కరాబైంది. పాత బోర్డు ఒకటి దొరికింది గని దాంట్ల ప్రోగ్రాం లేదు. మీ కాడ ఉన్నది గద, జర పంపు."

"గదెంత పని? బువ్వ తినేలోపు పంపుత."

"నీ బువ్వ సంగతి నాకెర్కలేదా? షిఫ్టు మారేదాకా తింటవ్."

ఫైలు ఎక్కించాను. పోతోంది.

213

పోలేదు. కొంచెం దూరం పోయి ఆగింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆగింది. మాటలు మాత్రం శుభ్రంగా పోతున్నాయి. సుగుణ దగ్గు కూడా వినిపిస్తోంది. చిన్నవి ఎన్నయినా పోతాయి, పెద్దది ఒక్కటీ పోదు. మెతుకు దిగుతూ ముద్ద దిగని గొంతులా తయారైంది ఈ లైను.

సదయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. లైన్ల గదిలో నాతోపాటు పనిచేసేది ఇతనొక్కడే. ముందు తల ఊపి తర్వాత ఆలోచించే మనిషి.

"దోసిలి చూసినవా?" అన్నాడు.

దోసిలి అన్నది మా పాతవాళ్లు పెట్టిన పేరు. రెండు యంత్రాలు పలకరించుకున్నప్పుడు, ఒక విడతకు నేనింత పట్టగలను, అంత పోసి నా జవాబు కోసం ఆగు అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఆ పట్టే జాగే దోసిలి. పాత మాన్యువళ్లలో బఫర్ అని ఉంటుంది. ఒకప్పుడు మా దోసిళ్లు చిన్నవి. పోయిన ఏడు జనమంతా కమిటీ మీద పడి, వేరే బాయిల నుంచి సినిమాలు తెప్పించుకోవాలి, దోసిలి పెంచండి అని గోల చేస్తే పెంచాం. సినిమాలు వచ్చాయి. జనం చూశారు, ఏడ్చారు, అవే మళ్లీ చూశారు. అప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

"దోసిలి పెద్దగనే ఉన్నది," అన్నాను.

"మరి కావలి ఏమంటున్నది?"

కావలి అంటే ఫైర్‌వాల్. లోపలికి వచ్చేదాన్నీ బయటికి పోయేదాన్నీ నిలబెట్టి, చూసి పంపే యంత్రం. దాని రికార్డు తీశాను. మా ఫైలు పక్కన "వరద. తలుపు మూశాను" అని ఉంది. ఆగిన ప్రతిసారీ అదే మాట. మా ఫైలును మా కావలే దాడి అనుకుని మూసేస్తోంది. కంచే చేను మేయడం అంటే విన్నాను కానీ, నా గదిలోనే చూస్తాననుకోలేదు.

214

దోసిలి తగ్గించాను. కావలికి కోపం రాలేదు. ఫైలు కదిలింది. సదయ్య తల ఊపాడు, నేను కూడా కాసేపు సంతోషపడ్డాను.

తర్వాత లెక్క వేశాను. ఒక దోసెడు పోయాలి, అటు నుంచి "అందింది" అనే మాట కోసం ముద్ద మింగేంత సేపు ఆగాలి, మళ్లీ ఒక దోసెడు పోయాలి. ఇట్లా పోతే గోదారి తీసి మళ్లీ వానలు పడేనాటికి కూడా ఫైలు పూర్తికాదు. ఈ లెక్క సుగుణకు చెప్పలేదు.

పెంచితే కావలి మూస్తుంది. తగ్గిస్తే నత్తనడక. అడకత్తెరలో పోకచెక్క బతుకైంది. మధ్యస్తంగా పెట్టి చూశాను, మూసింది. కావలి లోపలికి పోయి దాని ఓపిక పెంచబోయాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు మాటల లైను కూడా కాసేపు పోయింది. 

"ఏమైందే అక్కా, గట్ల మాయమైనవ్?" అంది సుగుణ, లైను వచ్చాక.

"ఏం లేదే. సదయ్య కాలు తగిలింది వైరుకు."

సదయ్య తల ఊపాడు.

"నీళ్లు దీపాల గది దాకా వచ్చినయ్," అంది. "పిల్లలను మీది లెవెల్‌కు ఎక్కించినం. చిన్న పంపును చేత్తోని తిప్పుతున్నం, వంతులేసుకొని. నా చేతులు చూస్తె నువ్వు ఏడుస్తవ్."

"చూపియ్యకు మరి," అన్నాను.

అది నవ్వింది. ఆ నవ్వు కూడా ముద్ద మింగేంత సేపటికి చేరింది.

215

ఫైలును మనిషి చేత పంపుదామంటే గోదారి ఒడ్లు మునిగి పారుతోంది. పడవ లేదు, ఉన్నా వేసేవాడు లేడు. ఇక మిగిలింది కావలిని తీసేయడమే. తీసేసి, ఫైలు పంపి, మళ్లీ పెడతానని గట్టయ్య బాపును అడగడానికి పోయాను. నేల మీద పిల్లలు పడుకుని ఉన్నారు. ఆయన మంచం మీద కూర్చుని దీపం ఒత్తి బాగుచేసుకుంటున్నాడు.

"ఎంత సేపు తీస్తవ్?" అన్నాడు.

"ఒక్క షిఫ్టు, బాపూ."

"పురుగు రానీకె ఎంత సేపు గావాలె?"

 పురుగు సంగతి మా బాయిలో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. అది లైన్ల వెంట పాకి యంత్రాల్లో దూరుతుంది. తాళ్ల బాయి అని ఇంకో బాయి ఉండేది, దాంట్లో దూరి వాళ్ల ఫ్యాను ఆపింది. గాలి ఆడక ఆ బాయి జనమంతా మా దగ్గరికి నడిచి వస్తామని మీదికెక్కారు. ఒక్కరూ చేరలేదు. ఒక్కరి బట్ట కూడా దొరకలేదు. మా వాళ్లలో సగం ఇళ్లకు అక్కడ మనుషులుండేవారు. కూతురి కాన్పుకని పోయిన గట్టయ్య బాపు భార్య కూడా వాళ్లలో ఉంది. వాళ్లకు కావలి లేదు, మాకు అప్పటికే ఉంది కాబట్టి బతికాం. పురుగు ఇప్పటికీ వచ్చి కావలిని తడుతూనే ఉంటుంది, రోజూ రికార్డులో చూస్తుంటాను.

"నీ చెల్లె నాకు బిడ్డసొంటిది," అన్నాడు. "అయినా తియ్యనియ్య. గీ పండుకున్న పిల్లగాండ్ల మొకాలు చూసి చెప్పు, తియ్యమంటవా?"

ఆయన మాటలో తప్పు లేదు. తప్పుంటే కొట్లాడేదాన్ని. లేనందుకు దారంతా ఏడుస్తూ వచ్చాను.

216

సినిమాలు వచ్చినప్పుడు ఇదే దోసిలి, ఇదే కావలి. మరి ఇప్పుడేమైందని నేనూ సదయ్యా ఒకరినొకరు విసుక్కుంటూ వెతికాం. కావలిలో ఎంత జాగ ఖాళీ ఉందో అడిగితే, దాదాపు లేదంది. కొత్త లైను ఏది వచ్చినా మిగిలిన ఆ కాస్తలో సర్దుతోంది. పెద్ద దోసిలి వచ్చి పడితే పొంగిపోతోంది. పొంగితే వరద అనుకుని మూసేస్తోంది.

జాగ ఎవరు తిన్నారో తెలిశాక నాకు ముందు నవ్వొచ్చింది.

యంత్రాలు మాట ముగించేటప్పుడు ఒక ముగింపు మాట చెప్పుకుంటాయి. ఏ దేశంలోనైనా అది అయిపోయింది, ఇక లేదు అనే అర్థం వచ్చే మాటే అయి ఉంటుంది. మా లైన్లు కట్టినవాళ్లు మనవాళ్లు. గడప దాటేవాడు "పోత" అంటే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "పోయొస్త" అనిపించి పంపే జనం. అట్లాంటివాళ్లు యంత్రం చేత మాత్రం పోత అనిపిస్తారా? ముగింపు మాట "పోయొస్త" అని రాశారు. అంతటితో ఆగినా బాగుండేది. కావలిని రాసినవాళ్లూ మనవాళ్లే. వస్తమన్నవాళ్లు వస్తారు, వచ్చేసరికి వాళ్ల జాగ వాళ్లకుండాలి అని, ఆ లైనుకిచ్చిన దోసిలిని అట్లాగే పట్టి ఉంచేలా రాశారు. తిరిగి వచ్చి పలకరించినవాళ్లు తమ జాగ తాము తీసుకుంటారు. రానివాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. అపశకునం కదా.

దోసిళ్లు చిన్నవిగా ఉన్నంతకాలం ఇది ఎవరికీ బరువు కాలేదు. సినిమాల కోసం పెంచాక, పట్టి ఉంచిన జాగలను కూడా కావలి ఒక్కొక్కటిగా కొత్త కొలతకు పెంచుకుంటూ వచ్చింది. ఇప్పుడు దాని కడుపు నిండిపోయింది. తాళ్ల బాయి జనమంతా అందులో కూర్చుని ఉన్నారు. మీదికెక్కే ముందు ప్రతి ఒక్కరూ ఇక్కడి తమవాళ్లతో మాట్లాడి, పోయొస్తమని చెప్పి ఎక్కినవాళ్లే.

"కరెంటు తీసి పెడితే?" అన్నాడు సదయ్య.

తీసినా మరిచిపోదు. మరిచిపోకుండా రాశారు. ఆ జాగ వదలాలంటే దారి ఒక్కటే. ఆ లైను ఇవతలి కొస ఎవరిదో వాళ్లు వచ్చి, ఇక చాలని వేలిముద్ర పలక మీద వేలు పెట్టాలి.

నవ్వు అప్పుడు ఆగిపోయింది.

217

ఇల్లిల్లూ తిరిగాను. ఇంత చేదు పని నేనెన్నడూ చేయలేదు.

గట్టయ్య బాపు విషయం మొత్తం విన్నాడు. కమిటీని పిలుస్తాననలేదు, ఆలోచిస్తాననలేదు. చెప్పులు వేసుకుని నా వెంట లైన్ల గదికి వచ్చి, భార్య లైను మీదా కూతురి లైను మీదా వేలు పెట్టాడు. పెట్టిన వేలును అంగీకి తుడుచుకున్నాడు. "మిగిలినోళ్లకు నేను పెట్టిన్నని చెప్పు," అని పోయాడు. ఆయన కోసం దాచిన కోపం అంతా నా చేతుల్లోనే ఉండిపోయింది.

ఆయన పేరు చెప్పాక చాలామంది కదిలారు. కొందరు తలుపు తీయలేదు. ఒకామె నాకు శాపనార్థాలు పెడుతూనే వచ్చి వేలు పెట్టి, శాపనార్థాలు పెడుతూనే పోయింది. లాంపులు తుడిచే ఐలయ్యకు అక్కడ ఉన్నది అత్త. "మా అత్తదా? ఒక వేలేంది, రెండు పెడ్త," అని నవ్వుకుంటూ వచ్చాడు. పలక మీద వేలు పెట్టగానే పెద్దగా ఏడ్చాడు. అతను ఏడవడం అతనికే అర్థం కానట్టు నా ముఖం చూశాడు.

జాగ ఖాళీ అయిన కొద్దీ దోసిలి పెంచాను. ఫైలు ముందుకంటే బాగా పోతోంది. చాలదు. పట్టి ఉన్న జాగలో పెద్ద భాగం బుచ్చవ్వది. కొడుకు, కోడలు, మనుమలు, వియ్యాలవారు, ఇల్లు ఇల్లంతా తాళ్ల బాయిలోనే ఉండేది. బుచ్చవ్వ ఇక్కడ పుట్టగొడుగుల మడులు చూసుకుంటూ ఒక్కతే ఉంటుంది.

నీలిబండలో నీళ్లు పంపుల గది గుమ్మం దాకా వచ్చాయి.

218

బుచ్చవ్వ మడి పక్కన కూర్చుని పుట్టగొడుగులు తెంపి గంపలో వేస్తోంది. చెప్పాల్సింది చెప్పాను. ఆమె చేయి ఆగలేదు.

"అంటే మా మల్లేశు పోయిండని నేనే చెప్పాల్నా?"

"చెప్పుడు గాదవ్వా. వేలు పెడితే సాలు."

"గదే చెప్పుడు."

నేను చెల్లె గురించి చెప్పాను. మీది లెవెల్లో ఉన్న పిల్లల గురించి చెప్పాను. చేత్తో తిప్పుతున్న పంపు గురించి చెప్పాను. బతిమాలాను, కాళ్లు పట్టుకున్నాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నీ చెల్లెను బతికించుకోనీకె నా కొడుకును సంపుమంటవా, బిడ్డా?"

"నీ కొడుకు ఎప్పుడో పోయిండవ్వా," అన్నాను. "ఎండల పడి పోయిండు. అందరు పోయిన్రు. గది నీకు గూడ ఎర్కనే."

ఆ మాట బాయిలో ఎవరూ ఆమె ముందు అనలేదు. నా నోరు నా చెల్లె కోసం అనేసింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒక పుట్టగొడుగు మట్టి తుడిచి గంపలో పెట్టి, "బువ్వ తిన్నవా?" అని అడిగింది.

లేచి వచ్చేశాను. సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది.

219

బుచ్చవ్వ వచ్చింది. గోడ పట్టుకుంటూ, నన్ను చూడకుండా, తిన్నగా కుర్చీ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నీ చెల్లెతోని మాట్లాడనియ్యి."

లైను ఇచ్చాను.

"బిడ్డా, నేను బుచ్చవ్వను. మీది లెవెల్ల ఎవ్వలెవ్వలున్నరు?"

జవాబు కోసం ఆమె ఆ పెట్టె వైపు కాకుండా గోడ వైపు చూసింది.

"అందరమున్నం అవ్వా. పిల్లలే ఎక్కువ. చంటిది ఒకటి ఉన్నది, ఇంక పేరు పెట్టలే."

"ఆడపిల్లనా?"

"ఆడపిల్లనే. అవ్వా, మా అక్క నీ కాడికి వచ్చి ఏమన్నదో నాకెర్కలేదు. దాని నోరు మంచిది గాదు. దానికి భయపడి వేలు పెట్టకు. నీకు పెట్టబుద్దయితెనే పెట్టు."

 బుచ్చవ్వ పలక దగ్గరికి జరిపించుకుంది. "మల్లేశు. పోయిండు," అని వేలు పెట్టింది. "సరోజన. పోయింది," అని కోడలికి పెట్టింది. వియ్యపురాలి పేరు చెప్పి పెట్టింది. మనుమల దగ్గరికి వచ్చేసరికి పేర్లు చెప్పలేదు. ఊరికే వేలు పెట్టుకుంటూ పోయింది. నేను పక్కన నిలబడి, ఒక్కొక్కసారి వేలు సరిగ్గా పడకపోతే, "మళ్లొక్కసారి అవ్వా," అంటూ ఉన్నాను. ఆ మాట అనిపించిన ఈ ఉద్యోగం మీద నాకు అసహ్యం వేసింది.

ఖాళీ అయిన జాగ మొత్తం కలిపి ఒకే పెద్ద దోసిలి చేసి సుగుణ లైనుకిచ్చాను. ఇంత పెద్దది మా బాయిలో ఎన్నడూ ఎవరికీ ఇవ్వలేదు. కావలి కిక్కురుమనలేదు. ఫైలు గోదారిలా పారింది.

బుచ్చవ్వ పోలేదు, అక్కడే కూర్చుంది.

220

"ఎంత వచ్చింది అక్కా?"

"ముప్పాతిక దాటింది. ఇగ వస్తది. జర నిలబడు."

"నిలబడుటానికి లేదే. పంపుల గదిల నడుముల్లోతు ఉన్నయ్ నీళ్లు. అందరు బాయి బయటికి, మీదికి ఎక్కుతున్నరు."

"మీదికెక్కి ఏం జేస్తరు సుగుణా? ఎండ."

"ఎండ సంగతి నాకు చెప్తవా? గుట్ట మీద స్తంభాల కాడ పాత కొట్టం ఉన్నదట. గోదారి తీసేదాకా అండ్ల ఉండి, మీ దిక్కు నడుస్తం."

ఆ కొట్టం సంగతి నాకు తెలుసు. రెండేళ్ల కింద గాలికి దాని రేకులు లేచిపోయాయని స్తంభాలు చూసేవాళ్లు రాసిన కాగితం నా గోడకే ఉంది. చెప్పలేదు. అక్కడ ఉంటే మునిగిపోతుంది, మీదికి పోతే మాడిపోతుంది, చెప్పి ఏ దారి చూపించను? నా నోరు ఆ ఒక్కసారి ఊరుకుంది.

"యంత్రం ఆపకుండ్రి. ఫైలు రానియ్యి," అన్నాను.

"ఆపం. దాన్ని పైకెత్తి అలమర మీద పెట్టిన. అక్కా, నన్ను పిలుస్తున్నరు. పోయొస్త."

పోయిరా చెల్లె అన్నాను. ఆ మాట స్తంభాలు దాటి అటు చేరేసరికి వినేవాళ్లు లేరు. ఇంకో రెండుసార్లు అన్నాను.

ఫైలు మాత్రం ఆగలేదు. చివరి దోసెడు దాకా పోయింది. అటు అలమర మీది యంత్రం, నడుముల్లోతు నీళ్ల పైన ఒంటరిగా కూర్చుని, మొత్తం పట్టుకుని, "అందింది" అని జవాబు పంపింది. సదయ్య తల ఊపబోయి ఆపుకున్నాడు.

"అందిందా బిడ్డా?" అని అడిగింది బుచ్చవ్వ.

"అందిందవ్వా."

"మంచిగాయె," అని ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, మడుల దగ్గరికి పోయింది. ఎవరికి అందిందో నేను చెప్పలేదు.

221

ఫ్యాను బాగుంది. బ్యాటరీలు బాగున్నాయి.

నీలిబండ పలకలేదు.

229

గోదారి తీసింది. గట్టయ్య బాపు ఎండకు కప్పుకునే అంగీలిచ్చి ఆరుగురిని పంపాడు. గుట్ట మీద కొట్టం ఉంది, పైన రేకులు లేవు, లోపల ఎవరూ లేరని చెప్పారు. ఇటు నడిచిన జాడ ఏమైనా ఉందా అని అడిగాను. వాన కడిగేసింది, ఏమీ కనబడలేదన్నారు. పిల్లలను ఎత్తుకుని ఆ ఎండలో ఎంత దూరం పోగలరో వాళ్లు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అడక్కుండా ఉండటానికి ఎంత బలం కావాలో ఇప్పుడు తెలిసింది.

వంట చేసుకోవడం లేదు. సదయ్య భార్య పంపుతోంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే దాన్ని ఎంతసేపు నమలాలో తెలియడం లేదు.

243

కోతులవాగు బాయి నుంచి మనిషి పలికింది. పేరు వనజ అట, చిన్న గొంతు. వాళ్ల ఫ్యాను మెదడు చెడింది, ప్రోగ్రాం కావాలంది. గాలి బరువెక్కిందట, ముసలివాళ్లకు ఆయాసం మొదలైందట. ఆ ప్రోగ్రాం మా దగ్గర ఉంది. ఎక్కించాను.

ఆగింది.

"జాగ లేదు," అన్నాడు సదయ్య, కావలిని చూసి.

జాగ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఖాళీ అయిన జాగ మొత్తం ఒకే దోసిలి చేసి సుగుణకిచ్చాను. అది పోయొస్తనంది. కావలి పట్టి ఉంచింది. ఇవతలి కొస నాది. సదయ్య పలక తెచ్చి నా ముందు పెట్టి బయటికి పోయాడు.

244

గట్టయ్య బాపు వచ్చాడు. ఆయన తన వేలి సంగతి గుర్తు చేయలేదు. "జల్ది కానియ్యి తల్లీ," అన్నాడు. కానిస్తానన్నాను. కావలిని ఒకసారి పరీక్షించాలి, ఇంకో దారి ఉందేమో చూడాలి అన్నాను. ఇంకో దారి లేదని ఈ చిట్టాలో రాసింది నేనే.

బుచ్చవ్వ కూడా వచ్చింది. పుట్టగొడుగుల కూర గిన్నె నా ముందు పెట్టింది. నా తల మీద చేయి వేసి కాసేపు నిలబడి, "పెట్టు బిడ్డా," అంది.

కూర సంగతి కాదని తెలుసు. "పెడ్తనవ్వా," అన్నాను.

ఆమె పోయాక పలక దగ్గరికి లాక్కున్నాను. వేలు దాని మీదికి తీసుకుపోయాను. నా వేలు కింద సుగుణ పేరు ఉంది. గుట్టల వెనక ఏ పాత సొరంగంలోనో నీడ దొరికి ఉండవచ్చు. ఏ స్తంభం దగ్గరో లైను దొరికితే, అక్కా అని పలకరించవచ్చు. అప్పుడు కావలి దాన్ని ఎవరు నువ్వు అని అడగకూడదు. ఇది పిచ్చి అని నాకు తెలుసు. బుచ్చవ్వకు చెప్పిన మాట నాకు నేను కూడా చెప్పుకున్నాను, నోరు తెరిచి, పైకి. వేలు దిగలేదు.

దోసిలి తగ్గించాను. ఫైలు కదిలింది. ఒక దోసెడు, ఆగడం, ఇంకో దోసెడు.

245

పోతోంది. నెమ్మదిగా పోతోంది. సదయ్య నాతో మాట్లాడటం లేదు.

"అక్కా, ఇంకెంత సేపు?" అని అడుగుతోంది ఆ పిల్ల వనజ. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటోంది.

"లైను మంచిగ లేదమ్మా. జర ఓపిక పట్టుండ్రి," అన్నాను.

లైను బాగానే ఉంది.